బండి బాగోగులు: కొత్త ట్రక్కు బంపర్‌కి అప్పుడే తుప్పా?

ప్రశ్న: మేం డెట్రాయిట్ పక్కన నోవైలో ఉంటాం. రెండేళ్ల కిందట కొత్త పికప్ ట్రక్కు తీసుకున్నాను, ముందూ వెనకా క్రోమ్ బంపర్లున్న మోడల్. ఈసారి మంచు కరిగాక బండి కడుగుతుంటే వెనక బంపర్ మీద ఆవగింజంత గోధుమరంగు చుక్కలు కనిపించాయి. నంబర్ ప్లేటు చుట్టూ, పార్కింగ్ సెన్సర్ల దగ్గర ఎక్కువ. ఆఫీసులో ఒకరు కోక్ పోసి రుద్దమన్నారు, ఒకరు అల్యూమినియం ఫాయిల్ అన్నారు, ఇంకొకరు స్టీల్ పీచు అన్నారు, పక్కింటాయనైతే ఇక బంపర్ మార్చుకోవడమే అని తేల్చేశాడు. ఇంత కొత్త బండికి తుప్పేంటండీ? నాసిరకం సరుకు అంటగట్టారా?

జవాబు: నాసిరకమో కాదో తరవాత చూద్దాం. ముందు చేతిలో ఉన్న పీచు పక్కన పెట్టండి, ఏదీ రుద్దకండి. ఆ చుక్కలు బయట నుంచి వచ్చి కూర్చున్నవా, లోపల నుంచి పొడుచుకొచ్చినవా అన్నది మొదట తేలాలి. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, వైద్యం మాత్రం వేరు.

బయట నుంచి వచ్చేవి అంటే, బ్రేకులు అరిగినప్పుడు లేచే ఇనుప రజను, రైలు పట్టాల దగ్గర గాల్లో తేలే ఇనుప పొడి. అమెరికాలో కొత్త బళ్లు చాలావరకు రైలు వ్యాగన్లలోనే ఊళ్లు దాటతాయి, అందుకే షోరూం నుంచి అప్పుడే బయటికొచ్చిన తెల్ల కారు మీద కూడా ఈ చుక్కలు కనిపిస్తుంటాయి. ఆ రజను పూత మీద అతుక్కుని, తడి తగలగానే తుప్పు పడుతుంది. తుప్పు పట్టింది రజనుకే, మీ బంపర్‌కి కాదు. బండి సబ్బునీళ్లతో శుభ్రంగా కడిగి ఆరాక వేళ్లతో తడిమి చూడండి, గరుకుగా పైకి తగిలితే ఇదే అయ్యే అవకాశం ఎక్కువ. ఆటో స్టోర్లలో ఐరన్ రిమూవర్ అని స్ప్రే దొరుకుతుంది, సీసా మీద క్రోమ్‌కి పనికొస్తుందని రాసి ఉందో లేదో చూసుకుని కొనండి. చల్లగా ఉన్న బంపర్ మీద నీడలో కొడితే ఇనుము ఉన్నచోటల్లా ఊదారంగులోకి తిరిగి కారుతుంది. వాసన మాత్రం భరించలేరు, కుళ్లిన గుడ్ల కంపు, గ్లవ్స్ వేసుకుని ఆరుబయటే చెయ్యండి. ఆరిపోనివ్వకుండా నీళ్లతో కడిగెయ్యాలి. మిగిలినవి క్లే బార్‌తో (కార్లకని అమ్మే మెత్తటి బంకమట్టి లాంటి ముద్ద), సబ్బునీళ్ల తడి మీద, మెల్లగా జరిపితే ఊడొస్తాయి. కింద మెరుపు అలాగే ఉంటే మీ కథ అక్కడితో అయిపోయినట్టే.

కానీ మీరు చెప్పిన జాగాలు చూస్తే, నంబర్ ప్లేటు, సెన్సర్ల బెజ్జాలు, నాకు రెండో రకమే అనిపిస్తోంది. రజనైతే ఎక్కడబడితే అక్కడ పడుతుంది, బెజ్జాలు వెతుక్కుని పడదు.

ఇక్కడ క్రోమ్ అంటే ఏంటో కొంచెం చెప్పాలి. మనం క్రోమ్ బంపర్ అంటాం గానీ అది ఉక్కు రేకు. దాని మీద నికెల్ పూత, మంచి పనైతే రెండు మూడు రకాల నికెల్ ఒకదాని మీద ఒకటి, అన్నీ కలిపి కొన్ని పదుల మైక్రాన్లు. ఆ పైన క్రోమియం, అది అర మైక్రాన్ కూడా ఉండదు. తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది, దాన్నిబట్టి ఊహించుకోండి. ఆ నీలిరంగు జీర ఉన్న మెరుపు మాత్రమే క్రోమియంది, కాపలా కాసేది ప్రధానంగా నికెల్. క్రోమియం తుప్పు పట్టదు, నికెల్ కూడా ఎర్రగా తుప్పు పట్టదు. మీకు కనపడే గోధుమరంగు అంతా అడుగున ఉన్న ఉక్కుది. అంటే ఎక్కడో సూదిమొనంత దారి దొరికి తడి ఉక్కు దాకా దిగింది.

దిగితే ఏమవుతుందంటే, తడిలో రెండు లోహాలు ఆనుకుని ఉన్నప్పుడు ఒకటి బతకడానికి రెండోది కరిగిపోతుంది. ఇనుప రేకు మీద జింకు పూత వేస్తే జింకు తాను కరిగి ఇనుమును కాపాడుతుంది. నికెల్ సంగతి దీనికి సరిగ్గా తలకిందులు, పూత చెక్కుచెదరదు, లోపలి ఉక్కే కరిగిపోతూ ఉంటుంది. అందుకే పైన ఆవగింజంత చుక్క కనిపించినా అడుగున అంతకంటే ఎక్కువ జాగా పాడై ఉండొచ్చు. "చిన్న చుక్కలే కదా, వేసవిలో చూద్దాం" అనుకునేవాళ్లకి వచ్చే ఏడాది అక్కడ పొక్కు లేస్తుంది.

బెజ్జాల దగ్గరే ఎందుకంటే, పూత వేసేది కరెంటుతో. తొట్టిలో ముంచి కరెంటు పంపినప్పుడు ఎదురుగా ఉన్న ముఖభాగానికి పూత బాగా పడుతుంది, మడతల్లోకి, గుంటల్లోకి, వెనక వైపుకి అంతగా చేరదు. క్రోమ్ తొట్టి ఈ విషయంలో మరీ బద్ధకం. కాబట్టి బంపర్ ముందు నుంచి అద్దంలా ఉన్నా వెనక పూత పల్చగా, ఒక్కోచోట లేనట్టే ఉంటుంది. నంబర్ ప్లేటు వెనక, వెనక బంపర్ మీద కాలు పెట్టి ఎక్కడానికి ఉండే ప్లాస్టిక్ మెట్టు కింద, సెన్సర్ల రబ్బరు రింగుల చుట్టూ, మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు కలిసిన నీళ్లు చేరి వారాల తరబడి ఆరవు. తుప్పు అక్కడ మొదలై ముందుకి పాకుతుంది.

ఇక మీ ఊరి ఉప్పు. డెట్రాయిట్ నగరం కిందే సుమారు 1,200 అడుగుల లోతున ఉప్పు గని ఉంది, తవ్వడం మొదలై వందేళ్లు దాటింది. ట్రక్కులు తయారుచేసే ఊరి కిందే వాటిని తినేసే సరుకు కూడా ఉండటం ఒక చోద్యం. మామూలు రాతి ఉప్పు సుమారు మైనస్ 9 డిగ్రీల సెల్సియస్ దాటాక పెద్దగా పని చెయ్యదు, అందుకని బాగా చలి ప్రాంతాల్లో కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ కలిపిన ద్రావణాలు కూడా చల్లుతారు. ఇవి గాల్లోంచి తేమ లాక్కుంటాయి. రోడ్డు ఆరినట్టు ఉంటుంది, బండి ఆరినట్టు ఉంటుంది, బంపర్ మీద పొర మాత్రం తడిగానే ఉంటుంది. మాస్కో ప్రాంతంలో చలికాలం కాల్షియం క్లోరైడ్ కలిసిన బురద అంటుకుని క్రోమ్ పొరే కరిగిపోతోందని గమనించి, కార్ల కంపెనీలు దాని కోసం వేరే పరీక్ష పెట్టుకోవాల్సి వచ్చింది. ఇంకో మాట, వేడి చేసిన గరాజులో పెడితే బండికి మంచిదనుకుంటారు చాలామంది. ఉప్పు అంటుకున్న బండిని కడక్కుండా వెచ్చని చోట పెడితే మంచు కరిగి, ఉప్పునీళ్లు ప్రతి మడతలోకీ దిగి, తుప్పు ఇంకా జోరుగా పడుతుంది. కడిగి పెట్టండి, లేదంటే చలిలో బయటే ఉండనివ్వండి.

కాబట్టి రెండు చలికాలాలకే చుక్కలు రావడం మిషిగన్‌లో వింతేం కాదు. వింత కాదంటే ఊరుకోమని కాదు, వారంటీ సంగతి కింద ఇంకో జవాబులో రాశాను, ఏదైనా మొదలుపెట్టేముందు అది చదవండి, చుక్కలకి ఫోటోలు తీసి ఉంచుకోండి.

ఇప్పుడు పని. ముందు ఫ్రిజ్ మాగ్నెట్ ఒకటి పెట్టి చూడండి, అతుక్కుంటే ఉక్కు. ముందువైపు గ్రిల్లు, మూలల్లో ఉండే కొన్ని ముక్కలు ప్లాస్టిక్ మీద వేసిన క్రోమ్, వాటికి ఎర్ర తుప్పు రాదు, ఈ రుద్దుడు వాటికి అక్కర్లేదు. నంబర్ ప్లేటు విప్పండి, మెట్టు ప్లాస్టిక్ ఊడేదైతే అదీ తియ్యండి. లోపల కనపడేది చూసి కంగారు పడొద్దు. వెనక నుంచి కూడా గట్టిగా నీళ్లు కొట్టి కడిగి, పూర్తిగా ఆరనివ్వండి.

తరవాత వంటింటి అల్యూమినియం ఫాయిల్ చిన్న ముక్క, నలిపి ఉండలా చేసి నీళ్లలో ముంచి, చుక్క మీద మాత్రమే, బరువు వెయ్యకుండా రుద్దండి. మీ ఆఫీసులో వాళ్లు చెప్పినవాటిలో ఇదే సరైనది. క్రోమియం చాలా గట్టి లోహం, అల్యూమినియం చాలా మెత్తన, అందుకని పూత మీద గీతలు పడే ప్రమాదం తక్కువ. కోక్‌లో ఉండే కొద్దిపాటి ఫాస్ఫారిక్ ఆమ్లం తుప్పును కరిగిస్తుంది, నిజమే, కానీ నీళ్లు చేసే పనికి కోక్ ఎందుకు, పైగా బంక. మరీ మొండిగా ఉంటే నీళ్లకి బదులు కొంచెం వెనిగర్ వాడి వెంటనే కడిగెయ్యండి. నల్లటి మడ్డి వస్తుంది, మైక్రోఫైబర్ గుడ్డతో తుడుస్తూ చూడండి.

స్టీల్ పీచు వద్దనేది ఎందుకంటే, ఎంత సన్నని రకమైనా సరే, దాని తునకలు విరిగి బెజ్జాల్లో చిక్కుకుని వారానికల్లా అవే తుప్పు పట్టి కొత్త చుక్కలవుతాయి. పీచే కావాలనుకుంటే కంచు పీచు దొరుకుతుంది, బ్రాంజ్ వూల్ అని అడగండి. ఉప్పు కాగితం (శాండ్‌పేపర్), వైర్ బ్రష్ ఊసే ఎత్తకండి. బాత్‌రూములు కడిగే యాసిడ్ అసలే వద్దు, అందులో ఉండే హైడ్రోక్లోరిక్ ఆమ్లం తుప్పుతో పాటు క్రోమ్‌నీ కరిగించేస్తుంది.

మరక పోయాక ఆ చోట గోరు ఆడించి చూడండి. నున్నగా జారిపోతే అదృష్టవంతులు, మంచి వ్యాక్స్ పట్టించి ఊరుకోండి. గోరు చిన్న గుంటలో తట్టుకుంటే అక్కడ పూత పోయిందన్నమాట, ఎంత రుద్దినా పూత తిరిగి రాదు, ఇంకా రుద్దితే గుంట పెద్దదవుతుంది, అంతే. అలాంటి గుంటలోకి టూత్‌పిక్ మొనతో రస్ట్ కన్వర్టర్ (తుప్పును గట్టి నల్ల పొరగా మార్చే ద్రావణం) ఒక చుక్క పెట్టండి, పక్కకి కారింది కారినట్టే తుడిచెయ్యండి, నల్లబడి ఆరాక సిల్వర్ టచప్ పెయింటో క్లియర్‌దో అదే టూత్‌పిక్‌తో గుంట నిండేలా పెట్టండి. దగ్గరికొచ్చి చూస్తే తెలుస్తుంది, తెలియనివ్వండి, ఇది అందం కోసం చేసేది కాదు, తడి లోపలికి దిగకుండా బిరడా పెట్టడం.

అసలు పని మాత్రం బంపర్ వెనక ఉంది, దాన్నే ఎవరూ చెయ్యరు. టార్చ్ వేసి చూసి, రాలుతున్న తుప్పును గీకి, (వెనక వైపు కాబట్టి ఇక్కడ వైర్ బ్రష్ వాడొచ్చు,) ఆరాక లానోలిన్ కలిసిన స్ప్రే, అంటే గొర్రె ఉన్ని మైనంతో చేసేది, మడతల్లోకి దిగేలా కొట్టండి. ఏటా చలికాలం మొదలయ్యేముందు మళ్లీ కొట్టాలి, అదొక్కటే ఇబ్బంది. సెన్సర్ల ముఖం మీద పడకుండా టేప్ అంటించుకోండి. రబ్బరులా గట్టిపడే నల్ల అండర్‌కోటింగ్ అమ్మజూపుతారు, తుప్పు మొదలైన బంపర్‌కి దాన్ని నేను వద్దంటాను, ఎక్కడైనా పగిలితే దాని వెనక చేరిన నీళ్లు ఇక బయటికి రావు.

ప్రశ్న: మా అత్తగారు న్యూజెర్సీకి వచ్చారు. మా ట్రక్కు బంపర్ మీద మరకలు చూసి, చింతపండు, ఉప్పు కలిపి రుద్దితే రాగి చెంబు తళతళలాడినట్టు అవుతుందంటున్నారు. ఆపాలా, చెయ్యనివ్వాలా?

జవాబు: సగం రైటు, సగం ప్రమాదం. చింతపండులో ఉన్న టార్టారిక్ ఆమ్లం రాగి చిలుమునే కాదు, ఇనుప తుప్పును కూడా కొద్దిగా కరిగిస్తుంది. పలచటి మరకైతే పోతుంది కూడా. ఉప్పు మాత్రం వద్దని చెప్పండి. రాగి చెంబుకి ఉప్పు వేస్తే పని త్వరగా అవుతుంది గానీ, బంపర్‌ని తిన్నదే ఉప్పు, చలికాలమంతా రోడ్డు మీద నుంచి అంటుకున్నది చాలదన్నట్టు మనం ఇంకొంచెం పులిమి ఆ సూది బెజ్జాల్లోకి ఎక్కించినట్టవుతుంది. గిన్నెలు తోమే పొడి కూడా వద్దు, గీతలు పడతాయి. ఉత్త చింతపండు గుజ్జు పట్టించి కొద్దిసేపాగి బాగా కడిగి తుడిస్తే నష్టం లేదు. అత్తగారి మాట నెగ్గినట్టూ ఉంటుంది, బంపర్ మిగిలినట్టూ ఉంటుంది.

ప్రశ్న: నాది కూడా అదే సమస్య అన్నా, ఒహాయోలో ఉంటా. ట్రక్కు తీసుకుని రెండున్నరేళ్లు, ముందు బంపర్‌కి జంగు పట్టింది, ఒకచోట పొక్కులా లేచి పొర ఊడుతోంది. డీలర్ దగ్గరికి పోతే "తుప్పు వారంటీ అంటే రేకుకి చిల్లు పడితేనే, ఇది పైపై తుప్పు, వర్తించదు" అని పంపేశారు. టెన్షన్‌గా ఉంది, బండి మీద ఇంకా లోన్ ఉంది. నిజమేనా?

జవాబు: తమ్ముడూ, వాళ్లు చెప్పింది అబద్ధం కాదు, కానీ నువ్వు అడగాల్సిన వారంటీ అది కాదు. తుప్పు వారంటీ కాగితం మీద ఏళ్లు ఎక్కువ కనిపిస్తాయి, అయితే అది సాధారణంగా బాడీ రేకు లోపల నుంచి తుప్పు పట్టి చిల్లు పడితేనే. బంపర్ బాడీ రేకు కిందికి రాదు. నువ్వు అడగాల్సింది బేసిక్ వారంటీ, అమెరికాలో అమ్మే పికప్‌లలో చాలావాటికి 3 ఏళ్లు లేదా 36,000 మైళ్లు, ఏది ముందైతే అది. పదార్థంలో, తయారీలో లోపం ఉంటే దాని కింద చూడాలి. పొర పొక్కి ఊడటం పూత ఉక్కుకి సరిగా అతకకపోవడం వల్ల కూడా కావచ్చు, అది తయారీ లోపమని నిలబడి వాదించొచ్చు. రాయి తగిలిన చోట మొదలైన చుక్కకి మాత్రం ఏ కంపెనీ ఒప్పుకోదు, అది బయటి దెబ్బ అంటారు. నీ బుక్‌లెట్ తీసి "సర్ఫేస్ కొరోజన్" (పైపై తుప్పు) అన్న మాట ఎక్కడెక్కడ ఉందో వెతుకు, కంపెనీకొక రకంగా రాస్తారు.

నీకు మిగిలింది ఆర్నెల్లే, మైళ్లు ముందే దాటితే అదీ లేదు. ఫోటోల్లో తారీఖు ఉండేలా తియ్యి, ఓడోమీటర్ ఫోటో కూడా. డీలర్ నోటిమాటతో పంపేస్తే వచ్చెయ్యకు, ఫిర్యాదు రిపేర్ ఆర్డర్‌లో రాయించి కాపీ తీసుకో, గడువు లోపల చెప్పినట్టు ఆధారం అదే. ఆ తరవాత కంపెనీ కస్టమర్ కేర్‌కి నేరుగా రాయి, బంపర్ మార్చే నిర్ణయం చాలాసార్లు డీలర్ చేతిలో ఉండదు. నువ్వు బయట కొన్న వ్యాక్స్ వాడావు కాబట్టి వారంటీ పోయిందని ఎవరన్నా అంటే, అమెరికాలో వారంటీల మీద 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ఉందని గుర్తుచెయ్యి. నువ్వు వాడిన వస్తువు వల్లే పాడైందని వాళ్లు చూపించాలి, ఊరికే కొట్టెయ్యడానికి లేదు. అలాగని ఇప్పుడే ఫాయిల్ తీసుకుని పొక్కులు గీకకు, వాళ్లు చూసేదాకా అలాగే ఉంచు.

ప్రశ్న: మాది కాకినాడ. చిన్న పికప్ బండికి ముందు స్టీల్ పైపు గార్డు బిగించాను, తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ అని చెప్పి అమ్మారు. ఏడాది తిరక్కుండా ఎర్ర మచ్చలు. క్రోమ్ వేయించుకోనా?

జవాబు: క్రోమ్ ఎందుకండీ, ముందు ఆ గార్డే తీసెయ్యండి. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ ఈ గార్డులు అక్రమమని, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కి విరుద్ధమని రాష్ట్రాలకు రాసింది. ఎదుటివాడికి తగిలితే ప్రాణం మీదికొస్తుంది, గుద్దుకున్నప్పుడు నలిగి దెబ్బను మింగాల్సిన ముందుభాగం నలగకుండా ఆ పైపు ఛాసిస్‌కి నేరుగా అందిస్తుంది, ఎయిర్‌బ్యాగులున్న బండైతే అవి తెరుచుకోవడంలో తేడా రావచ్చు.

మచ్చల సంగతికొస్తే, అమ్మింది 202 గ్రేడ్ అయ్యుంటుంది. 304 రకంలో క్రోమియం సుమారు 18 శాతం, నికెల్ 8 శాతం ఉంటాయి, 202లో నికెల్ తగ్గించి మాంగనీస్ కలుపుతారు, చవక. మాగ్నెట్ పెట్టి చూసి కొన్నామంటారు, ఆ పరీక్ష ఇక్కడ పనికిరాదు, రెండింటికీ అది సరిగా అంటుకోదు. సముద్రం ఇంత దగ్గరుంటే 304కి కూడా పైపైన గోధుమ మరకలు వస్తాయి, మాలిబ్డినం కలిసిన 316 అయితే తట్టుకుంటుంది. బండికి వేరే స్టెయిన్‌లెస్ భాగాలుంటే మంచినీళ్లతో తరచూ కడిగి తుడవడమే, బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాటితో కడిగి వదిలెయ్యకండి.

ప్రశ్న: పూత బాగా పోయిన బంపర్‌కి మళ్లీ క్రోమ్ వేయించడం మేలా, కొత్తది కొనడం మేలా? (శాక్రమెంటో)

జవాబు: కొత్త మోడల్ ట్రక్కుకైతే కొత్తది కొనడమే. మళ్లీ వేయించాలంటే పాత పూతంతా ఊడబీకి, గుంటలు పూడ్చి, సాన పట్టి, నికెల్, క్రోమ్ మొదటి నుంచి వెయ్యాలి, కూలీయే తడిసి మోపెడవుతుంది. దొరకని పాత బళ్లకే అది గిట్టుబాటు. పైగా మీ కాలిఫోర్నియాలో ఆ పని చేసే షాపులకే గడ్డుకాలం. పూతకి వాడే హెక్సావాలెంట్ క్రోమియం క్యాన్సర్ కారకమని 2023లో అక్కడి వాయు వనరుల బోర్డు అలంకరణ పూతల్లో దాన్ని దశలవారీగా ఆపెయ్యాలని నిబంధన తెచ్చింది. బదులుగా ట్రైవాలెంట్ క్రోమియం (క్రోమియంలోనే అంత ప్రమాదం లేని ఇంకో రూపం) వాడుతున్నారు, రంగులో చిన్న తేడా ఉంటుంది, ముందు వెనక బంపర్లు పక్కపక్కన పెట్టి చూసుకోరు కాబట్టి ఫరవాలేదు. కొనేటప్పుడు మరీ చవగ్గా దొరికే బయటి కంపెనీ బంపర్ జోలికి పోకండి, వాటిలో పూత పల్చగా ఉండే రకాలు ఎక్కువ. బిగించేముందే, పెట్టెలోంచి తీసిన రోజే, వెనక వైపు లానోలిన్ స్ప్రే కొట్టించండి, బండికి ఎక్కాక ఆ మడతలు అందవు.